పిల్లి లిట్టర్ సమీక్ష: తిరుపతి ఎండకు, కార్తీకం వానకు ఏది నిలబడుతుంది?

ఇంట్లో పిల్లి మలమూత్రాలకు ట్రేలో పరిచే సరుకే లిట్టర్. తిరుపతి పెట్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఆ పేరుతో దొరికేవి ముఖ్యంగా నాలుగు రకాలు: బెంటోనైట్ మట్టి, చెక్క గుళికలు, సిలికా పలుకులు, టోఫు (సోయా పిప్పితో చేసేది). తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు సులువు. మామూలు నాటు పిల్లి అయితే, ఇల్లు అపార్ట్‌మెంట్ అయినా మిద్దె ఇల్లయినా, వాసన కలపని సోడియం బెంటోనైట్‌కే మా ఓటు. పొడుగు బొచ్చు పెర్షియన్‌కు చెక్క గుళికలు నయం. సిలికా మే నెలలో భేష్, నవంబరులో దండగ. టోఫు మంచి సరుకే, కాకపోతే చీమలతో రోజూ పోట్లాడే ఓపిక ఉండాలి.

బ్రాండ్ పేర్లు రాయడం లేదు. ఒకే పేరున్న సంచి కూడా లాటు మారితే గుణం మారుతుంది. పేరు గుర్తుపెట్టుకోవడం కన్నా సంచిని పరీక్షించడం నేర్చుకుంటే ఎక్కువ పనికొస్తుంది. అదెలాగో కింద ఉంది.

లిట్టర్ గురించి మాట్లాడేముందు ట్రే సంగతి తేలాలి. 'ఈ లిట్టర్ కంపు కొడుతోంది, అడుక్కి అంటుకుపోతోంది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం లిట్టర్ కాదు, లోతు. లెక్క చూడండి. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ట్రే సుమారు 45 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు. అందులో 5 సెం.మీ. మందాన మట్టి పరవాలంటే దగ్గర దగ్గర 8 లీటర్లు కావాలి. బెంటోనైట్ లీటరు సుమారు 900 గ్రాములు తూగుతుంది. అంటే 7 కిలోలు. సరైన లోతు 7 సెం.మీ. అనుకుంటే 10 కిలోలు. మొదటిసారి కొనేవాళ్ళు తెచ్చేదేమో 5 కిలోల సంచి. అది పోస్తే మూడున్నర సెం.మీ. వస్తే గొప్ప. పిల్లి రెండుసార్లు గోకగానే ప్లాస్టిక్ బయటపడుతుంది. ఉచ్చ నేరుగా అడుక్కి జారి, పెనానికి అంటిన మాడు రొట్టెలా అక్కడ అతుక్కుంటుంది. దాన్ని గీకితే పొడవుతుంది, పొడి మిగతా మట్టిలో కలుస్తుంది, మూడో రోజుకల్లా వాసన. తప్పు సంచిది కాదు, రెండో సంచి కొనకపోవడానిది.

ఆ ట్రే కూడా చిన్నదే. నాటు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా 45 సెం.మీ. దరిదాపుల్లో ఉంటుంది. ట్రే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 65 నుంచి 70 సెం.మీ. ఉంటే అది లోపల తిరిగి, వాసన చూసుకుని, శుభ్రమైన చోటు వెతుక్కోగలదు. అంత పెద్ద లిట్టర్ ట్రే ఇక్కడ దొరకడం కష్టం. ప్లాస్టిక్ సామాన్ల కొట్లో దుప్పట్లు దాచుకునే పెద్ద డబ్బాలు అమ్ముతారు కదా, అదే తెచ్చి, ఒక పక్క 12 సెం.మీ. ఎత్తు వదిలి గుమ్మంలా కోసి, కోసిన అంచును ఉప్పుకాగితంతో రుద్దితే సరిపోతుంది. మిగతా మూడు పక్కలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి మట్టి బయటకు చిమ్మదు, నిలబడి పోసే పిల్లి గోడను తడపదు. మొదటిసారి 14 కిలోల పైనే పోయాలి. ఖర్చు చూసి భయపడవద్దు, ఆ తర్వాత రోజూ తీసేసినంతే పోయడం. ముసలి పిల్లికీ, మూడు నెలల లోపు కూనకూ గుమ్మం ఇంకా తక్కువ ఎత్తులో ఉండాలి.

మూత, తలుపు ఉన్న ట్రేలు ఫొటోలో అందంగా ఉంటాయి. 40 డిగ్రీలు దాటే తిరుపతి మే నెలలో అదొక ఆవిరి గది. ఉచ్చలోని యూరియాను బాక్టీరియా అమోనియాగా మారుస్తుంది. వేడి, తేమ ఎక్కువైతే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. మూత వల్ల వాసన మన ముక్కుకు తగ్గుతుంది, పిల్లి ముక్కుకు పెరుగుతుంది. అది ఇక ట్రే మానేసి గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పోస్తుంది. అడుగున పరిచే ప్లాస్టిక్ కవర్లూ అంతే, గోళ్ళు తగలగానే చిరిగి కిందంతా మురికి.

ట్రేలు ఎన్ని అంటే పిల్లులెన్నో వాటికి ఒకటి ఎక్కువ. రెండు పిల్లులకు మూడు. మూడూ ఒకే మూల వరుసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒకటే ట్రే. ఒక పిల్లి దారికి అడ్డం కూర్చుంటే రెండోదానికి మూడూ లేనట్టే.

ఇక అసలు సరుకు.

బెంటోనైట్ కొత్త వస్తువేమీ కాదు. మన దేశంలో ఎక్కువగా గుజరాత్ కచ్ నుంచి, రాజస్థాన్ నుంచి వస్తుంది. కరెంటు పనివాళ్ళు ఎర్తింగ్ గుంతలో పోసే పొడి ఇదే. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో మన మంగంపేట ముగ్గురాయికి (బెరైటీస్) జోడీగా కలిసేదీ ఇదే. ముగ్గురాయి బరువునిస్తుంది, బెంటోనైట్ చిక్కదనాన్నిస్తుంది. పిల్లుల దాకా ఇది ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో ఎడ్ లో అనే ఆయన 1947లో బూడిద, ఇసుకలకు బదులుగా ఫుల్లర్స్ ఎర్త్ అనే పీల్చే మట్టిని అమ్మడంతో లిట్టర్ వ్యాపారం మొదలైంది. అది తడిని పీల్చేది కానీ గడ్డకట్టేది కాదు. గడ్డకట్టే బెంటోనైట్‌ను 1980ల్లో థామస్ నెల్సన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. ట్రే మొత్తం పారబోయకుండా తడిసిన గడ్డ ఒక్కటే తీసి పారేసే సౌకర్యం అలా వచ్చింది.

ఇందులో రెండు జాతులున్నాయి. సోడియం బెంటోనైట్ నీరు తగిలితే తన పరిమాణానికి ఎన్నో రెట్లు ఉబ్బి, పొరలు ఒకదానికొకటి అతుక్కుని గట్టి ఉండ కడుతుంది. కాల్షియం బెంటోనైట్ పీల్చుకుంటుంది కానీ అంతగా ఉబ్బదు, ఉండ పిసికితే రాలిపోతుంది. సంచి మీద చాలాసార్లు 'బెంటోనైట్' అని మాత్రమే రాసి ఉంటుంది. ఏ జాతో తెలియాలంటే ఇంట్లోనే తేల్చుకోవాలి.

గాజు గ్లాసులో సగానికి పైగా లిట్టర్ పోయండి. 20 మి.లీ. నీళ్ళలో చిటికెడు ఉప్పు కలిపి, గ్లాసు మధ్యలో ఒకేచోట నెమ్మదిగా పోయండి. ఉప్పెందుకంటే ఉచ్చలో లవణాలుంటాయి, లవణం ఉన్నచోట ఈ మట్టి ఉబ్బడం తగ్గుతుంది. ఉత్త నీళ్ళతో చేస్తే నాసిరకం కూడా పాసైపోవచ్చు. పావుగంట ఆగి గ్లాసు పక్కనుంచి చూడండి. మంచి సరుకైతే తడి పైభాగంలోనే ఆగి గుండ్రంగా ఉంటుంది. నాసిరకమైతే సన్నని ధారలా అడుగుదాకా దిగి ఉంటుంది. ఆ గడ్డను చెంచాతో ఎత్తి, అడుగు ఎత్తు నుంచి పేపరు మీద వదలండి. ఒకటో రెండో ముక్కలైతే ఫరవాలేదు. పిండిలా రాలితే ఆ సంచి మళ్ళీ కొనవద్దు. రెండో పరీక్ష దుమ్ముది. ఒక గ్లాసుడు లిట్టర్‌ను అడుగు ఎత్తు నుంచి నల్లగుడ్డ మీద, కిటికీ ఎండలో పోయండి. పొగలా లేచిందంటే ఆ దుమ్ము రోజూ పిల్లి ఊపిరితిత్తుల్లోకీ, పక్కనే ఆడుకునే పిల్లల ముక్కుల్లోకీ వెళుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఈ పరీక్ష మొదటిదానికన్నా ముఖ్యం. ఎర్తింగ్ కోసం అమ్మే బెంటోనైట్ చవగ్గా దొరుకుతుంది కదా అని కొందరు అడుగుతుంటారు. అది పిండి రూపంలో ఉంటుంది, పిల్లికి పనికిరాదు.

లావెండర్, నిమ్మ, కాఫీ వాసనలు కలిపిన సంచులు మనుషులకు అమ్మడానికి చేసినవి. నిమ్మజాతి వాసన పిల్లులకు గిట్టదని తెలిసి కూడా నిమ్మ లిట్టర్ తయారుచేస్తున్నారంటే ఏమనాలి! వాసన తగ్గాలంటే మట్టి కింద రెండు చెంచాల వంటసోడా చల్లితే చాలు.

వాడే తీరు ఇది. ట్రే లోపలి గోడ మీద 7 సెం.మీ. దగ్గర మార్కర్‌తో గీత గీసి, అంతదాకా నింపాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి జల్లించాలి. పిల్లి పోసి దిగిన వెంటనే స్కూప్ (గడ్డలు తీసే చిల్లుల గరిటె) పెట్టకూడదు, గడ్డ బిగియడానికి కనీసం 15, 20 నిమిషాలు పడుతుంది. తొందరపడితే గడ్డ విరిగి ఆ తుంపులు ట్రే అంతా కలుస్తాయి. ఎంత మంచి లిట్టరైనా పాడయ్యేది ఇక్కడే. ప్లాస్టిక్ స్కూప్ వంగిపోయి గడ్డను చిదుపుతుంది, లోహపుది కొనండి. పైనుంచి పొడవకుండా, పక్కనుంచి అడుగుదాకా పోనిచ్చి లేపాలి. నాలుగు కిలోల పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు ఉచ్చ గడ్డలు పెడుతుంది. వాటితోపాటు రోజుకు సుమారు 200 గ్రాముల మట్టి పోతుంది. అంటే నెలకు 6 కిలోల లెక్క. గీత కిందికి దిగినప్పుడల్లా పైన కొత్తది పోస్తూ ఉండాలి. నాలుగు వారాలకొకసారి, వానాకాలంలో మూడు వారాలకొకసారి మొత్తం తీసేసి ట్రే కడగాలి.

మన ఇళ్ళలో ఇది దెబ్బతినే చోటు బాత్రూం. చెంబుతో స్నానం చేసే బాత్రూంలో ట్రే పెడితే నాలుగు చుక్కలు పడినా చాలు, ట్రే సగం బంకమట్టి. మెట్ల కింద, బాల్కనీలో జల్లు పడని మూల, స్టోర్ గదిలో కిటికీ పక్కన పెట్టుకోవడం మేలు. వంటింట్లో వద్దు, వాషింగ్ మెషీన్ పక్కన అసలే వద్దు. అది గిర్రున తిరిగే శబ్దానికి ఒకసారి బెదిరిన పిల్లి ఆ ట్రే వైపు మళ్ళీ రాకపోవచ్చు. ఇంకో జాగ్రత్త, ట్రే కడిగిన నీళ్ళు మోరీలోకి వదలకూడదు. చెరువులకు నీళ్ళు ఇంకకుండా అడుగు పూయడానికి వాడే మట్టి ఇది. పైపులో చేరితే ఏం చేస్తుందో ప్లంబర్ వచ్చాక తెలుస్తుంది. ముందు మట్టంతా సంచిలోకి ఒంపి, పేపరుతో తుడిచి, ఆ తర్వాతే నీళ్ళు పోయాలి.

బెంటోనైట్ ఎవరికి పనికిరాదు? రెండు నెలల లోపు కూనలకు. అవి ప్రతిదీ నోట్లో పెట్టుకుని చూస్తాయి, కడుపులో ఉబ్బి పేగుకు అడ్డం పడవచ్చు. ఆపరేషన్ చేయించిన పిల్లికి కుట్లు మానే వరకు, అంటే పది రోజులపాటు ఇది వద్దు. గాయానికి అంటుకుంటుంది. ఆ రోజుల్లో పాత పేపర్లు వేలు వెడల్పున చించి వేసి, తడిసినప్పుడల్లా మార్చడమే సరైన పని. పొడుగు బొచ్చు పిల్లికి కాలివేళ్ళ మధ్య, తోక కింద గట్టి ఉండలు కట్టి, లాగితే బొచ్చు ఊడివచ్చేదాకా వెళుతుంది. కాలివేళ్ళ మధ్య బొచ్చు కత్తిరించగలిగితే వాడవచ్చు, లేకపోతే కింద చెప్పే రకం చూసుకోండి.

చెక్క గుళికలు రంపప్పొట్టును గట్టిగా నొక్కి చేసినవి, సుమారు 6 మి.మీ. లావుంటాయి. ఇవి గడ్డకట్టవు. తడి తగలగానే విచ్చుకుని మళ్ళీ రంపప్పొట్టు అయిపోతాయి. దాన్నిబట్టే ట్రే ఉండాలి. ఒకే కొలత టబ్బులు రెండు తీసుకుని, పైదానికి 5 మి.మీ. డ్రిల్ బిట్‌తో రెండేసి సెం.మీ. దూరంలో అడుగంతా రంధ్రాలు వేయండి. పొడి గుళిక దిగదు, విచ్చుకున్న పొట్టు కిందికి జారిపోతుంది. రోజుకొకసారి పై టబ్బును చేటలా అటూ ఇటూ ఊపితే చాలు. మలం వేరేగా తీసేయాలి. లోతు 3 సెం.మీ. మించకూడదు. మించితే కింది గుళికలు తడవకుండా, పైవి పీల్చకుండా ఊరికే పడుంటాయి. చాలామంది బెంటోనైట్ అలవాటుతో 7 సెం.మీ. పోసి, 'దీనికి పీల్చే శక్తి లేదు' అని తీర్పు చెప్పేస్తారు. దుమ్ము దాదాపు ఉండదు, కాళ్ళకంటి ఇల్లంతా చేరదు, బరువు తక్కువ కాబట్టి మూడో అంతస్తుకు మోయడం తేలిక. లోపమల్లా పిల్లి పాదానిది. గుండ్రని కర్రముక్కల మీద నిలబడటం వీధి మట్టికి అలవాటైన నాటు పిల్లికి నచ్చదు. పెర్షియన్ కూనలకు చిన్నప్పటి నుంచే అలవాటు చేస్తే పేచీ ఉండదు.

కొనేటప్పుడు బట్టీలో ఆరబెట్టిన పైన్ కర్రతో చేసినవేనా అని చూసుకోండి. ఆ వేడికి కర్రలోని, పిల్లికి పడని ఫినాల్ జాతి నూనెలు చాలావరకు పోతాయి. బాయిలర్లకు వేసే గుళికలు కూడా చూడటానికి ఇలాగే ఉంటాయి, వాటిలో ఏ కర్ర, ఏ పొట్టు కలిసిందో ఎవరూ చెప్పరు. మన చిత్తూరు వైపు చెనక్కాయ పొట్టుకు కొదవ లేదు కాబట్టి అది వాడొచ్చా అనే ప్రశ్న వస్తుంది. వాడకూడదు. తడిసిన చెనక్కాయ పొట్టు మీద పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. పిల్లి ఆ పొట్టులో నడిచి అదే కాలు నాకుతుంది.

సామిల్లు నుంచి గోనెసంచుల్లో తెచ్చే రంపప్పొట్టు కూడా వద్దు. దుమ్ము ఎక్కువ, కర్రకు చెదల మందు కొట్టి ఉంటే తెలుసుకునే దారి లేదు. వరి ఊక సంగతి ఇంకోలా ఉంటుంది. ఊక పైపొరలో సిలికా ఎక్కువ, అందుకే అది నీటిని పీల్చదు, ఉచ్చ జారి అడుగున మడుగు కడుతుంది. ఇసుక ఒక్కటి తాత్కాలికంగా ఫరవాలేదు. అంగడి సరుకు రాని నాలుగు రోజులకు, వీధి నుంచి కొత్తగా తెచ్చిన పిల్లికి ట్రే అలవాటు చేయడానికి సన్న ఇసుక పనికొస్తుంది. పిల్లి పాదానికి ఇసుకంత ఇష్టమైనది ఇంకోటి లేదు కూడా. కానీ ఇసుక వాసనను పట్టుకోదు, గడ్డకట్టదు, రెండు మూడు రోజులకొకసారి మొత్తం మార్చాలి. కట్టుబడి దగ్గర కుప్ప పోసిన ఇసుకైతే ఊళ్ళో పిల్లులన్నీ అప్పటికే వాడేసి ఉంటాయి. దాన్ని ఇంటికి తేవడమంటే వాటి పురుగుల గుడ్లను కూడా తేవడమే.

సిలికా పలుకులు తేలిక, తెల్లగా శుభ్రంగా కనిపిస్తాయి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న పొట్లంలోని పదార్థమే ఇది. 4 సెం.మీ. పరిచి, రోజూ మలం తీసి, ఒకసారి కలియబెట్టాలి. ఉచ్చలోని నీటిని పట్టుకుని, గాలి పొడిగా ఉంటే మెల్లగా వదిలేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇది నిజంగా బాగా పనిచేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఉన్నన్నాళ్ళు మాత్రం గాలిలోని తేమనే పీల్చుకుని, పిల్లి ఎక్కకముందే సగం నిండిపోయి ఉంటుంది. పలుకులు పసుపుపచ్చగా మారితే దాని పని అయిపోయినట్టు, ఇంకా వాసన రాలేదని ఉంచితే ఒకేరోజు ట్రే అంతా గుప్పుమంటుంది. కొన్ని పలుకులు మొనదేలి ఉంటాయి, మెత్తని పాదాల పిల్లి ట్రే అంచు మీద నాలుగు కాళ్ళూ పెట్టి సర్కస్ చేస్తుంది.

టోఫు లిట్టర్ సోయా గింజల పాలు పిండాక మిగిలే పిప్పితో, పిండిపదార్థాలు కలిపి చేస్తారు. గడ్డ బాగానే కడుతుంది, దుమ్ము తక్కువ, కూన నోట్లో పెట్టుకున్నా బెంటోనైట్ అంత ప్రమాదం లేదు. ఖరీదులో మాత్రం నాలుగింటిలో పైవరసన ఉంటుంది. పైగా ఇది తిండిపదార్థమే కాబట్టి చీమలు వస్తాయి, వానాకాలంలో సంచిలోనే బూజు పడుతుంది. సంచి విప్పగానే గట్టి మూత ఉన్న బియ్యం డబ్బాలోకి మార్చాలి. ట్రేలో 5 సెం.మీ. మించి పోయకుండా, మూడు వారాలకు మించి ఉంచకుండా వాడుకోవాలి. ఇక్కడ ఒక పెద్ద తప్పు జరుగుతుంది. చీమలు వచ్చాయని ట్రే చుట్టూ చీమల చాక్‌పీసుతో గీత గీస్తారు. అందులో ఉండేది పైరెత్రాయిడ్ జాతి మందు, పిల్లి ఒంటికి పడనిది. దాటేటప్పుడు కాలికి అంటుతుంది, నాకితే కడుపులోకి పోతుంది. చీమల దారిని వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి, ట్రే చోటు మార్చండి. సంచి మీద 'టాయిలెట్‌లో వేయొచ్చు' అని ఉంటే నమ్మి వేసేయకండి. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో ఆ పిప్పి అక్కడే పేరుకుపోతుంది.

ట్రే కడగడానికి ఫినాయిల్ వాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈ సమీక్షలో ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి: పిల్లి తిరిగే చోట ఫినాయిల్ వద్దు, నల్లదైనా తెల్లదైనా. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నీళ్ళల్లో పోస్తే పాలలా తెల్లబడే యాంటిసెప్టిక్ ద్రవాలూ ఈ జాతివే. బ్లీచింగ్ కూడా వద్దు, ఉచ్చలోని అమోనియాతో కలిసి ఊపిరాడనివ్వని వాయువు పుడుతుంది. వాసన పోవాలని పక్కన కర్పూరం పెట్టడం, అలమరలో వేసే కలరా ఉండలు పెట్టడం రెండూ విషమే. వేడినీళ్ళు, వాసన లేని గిన్నెల సబ్బు చాలు. తిరుపతి బోరునీళ్ళు ఉప్పగా ఉన్న ఇళ్ళలో ట్రే అడుగున తెల్లటి పొర కడుతుంది. దాని మీద వెనిగర్ పోసి అరగంట ఉంచి, పీచుతో రుద్ది, బాగా కడిగి ఎండలో ఆరబెట్టండి. ప్లాస్టిక్ మీద గోళ్ళ గీతలు లోతుగా పడ్డాయంటే ఎంత కడిగినా వాసన పోదు, ఏడాదికొకసారి ట్రే మార్చాల్సిందే.

ఒక రకం నుంచి ఇంకో రకానికి ఒక్కరోజులో మారకూడదు. పాతదానిలో పావు వంతు కొత్తది కలిపి మూడు రోజులు, తర్వాత సగం, తర్వాత ముప్పావు. పది పన్నెండు రోజుల్లో పూర్తవుతుంది. టోఫు, బెంటోనైట్ లాంటి వేరువేరు స్వభావాలున్న వాటిని కలపడం కన్నా రెండు ట్రేలు పక్కపక్కన పెట్టి, పిల్లి దేన్ని ఎంచుకుంటుందో చూడటం ఇంకా మంచిది. ట్రే అంచు మీద నిలబడటం, పూడ్చకుండా పరుగున దిగడం, దిగాక కాళ్ళు విదిలించడం, ఇవన్నీ 'ఇది నాకు నచ్చలేదు' అని చెప్పడమే.

గడ్డకట్టే లిట్టర్‌కు మొదటి స్థానం ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది, గడ్డలను లెక్కపెట్టవచ్చు. రోజూ మూడు గడ్డలు పెట్టే పిల్లి హఠాత్తుగా ఆరు పెద్ద గడ్డలు పెడితే మూత్రపిండాల జబ్బో మధుమేహమో చూపించుకోవాలి. గోలీకాయంత చిన్నచిన్నవి పదీ పన్నెండు ఉంటే మూత్రాశయంలో మంట. మగపిల్లి ట్రేలోకి మాటిమాటికీ వెళ్ళి కూర్చుని, ముక్కుతూ, గడ్డ ఒక్కటి కూడా పెట్టకపోతే మూత్రం దారి మూసుకుపోయిందని అర్థం. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టకండి, పొద్దున చూద్దాంలే అనుకోకండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఇలాంటి కేసులకు తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది. 1955లో మొదలైన ఆ కళాశాల ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు బయలుదేరేముందు ఫోన్ చేసి, డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోవడం మంచిది. సిలికాలో, చెక్క గుళికల్లో ఈ గడ్డల లెక్క కుదరదు. వాటిని వాడే ఇంట్లో మగపిల్లి ఉంటే కంటితో కనిపెట్టుకుని ఉండాలి.

ఇంట్లో గర్భిణి ఉంటే ట్రే పని వేరేవాళ్ళు చేయాలి. తప్పనిసరైతే చేతికి గ్లవ్స్ వేసుకుని, రోజూ తప్పకుండా తీసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి ఉన్న మలం బయటపడిన ఒకటి నుంచి ఐదు రోజుల తర్వాతే ఇతరులకు అంటుకునే దశకు వస్తుంది. ప్రతిరోజూ తీసేస్తే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. ఈ కారణంగానే వాడిన లిట్టర్‌ను తులసికోటలో, ఆకుకూరల మడిలో, కంపోస్టు గుంతలో వేయకూడదు. పేపరులో చుట్టి, సంచి మూతి కట్టి, చెత్త బండికి తడిచెత్తలో కలపకుండా వేరేగా ఇవ్వాలి.

ధర విషయానికొస్తే కిలో రేటు పోల్చడం వృథా, ఒక్కొక్కటీ ఒక్కో బరువు. సంచి ధరను అది ఎన్ని రోజులు వచ్చిందో దానితో భాగించండి. 700 రూపాయల సంచి 40 రోజులు వస్తే రోజుకు పదిహేడున్నర. 450 రూపాయల సంచి 18 రోజులకే అయిపోతే రోజుకు పాతిక. సంచి విప్పిన తేదీ దాని మీదే పెన్నుతో రాసుకుంటే చాలు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు దసరా నాటికే ఒక నెల సరుకు అదనంగా తెచ్చి, నేలకు తగలకుండా బల్ల మీద పెట్టుకోండి. 2021 నవంబరులో వరద వచ్చినట్టు రోడ్లు మునిగితే డెలివరీ బండి రాదు, పిల్లి మాత్రం రోజుకు మూడుసార్లు ట్రే ఎక్కుతూనే ఉంటుంది.